తన చెవి తానే తీయించుకున్న ఆపరేటరమ్మ

మా ఆపరేటరమ్మ పోయిందన్న కబురు నాకు కొండమీద అందింది. హుకుంపేట వైపున్న టవరు మీద గాలికి పక్కకి తిరిగిపోయిన డిష్షును సరిచేసి, కిందికి దిగి, చేతులకంటిన గ్రీజు గడ్డికి రాసుకుంటున్నాను. ఆస్పత్రి జీపు డ్రైవరు సెల్లు చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు చూశాడు. "విశాఖపట్నంలోనట సార్. పొద్దున్నేనట. మన ఆపరేటరమ్మ" అన్నాడు. పోయిందన్న మాట అతను అనలేదు, నేనూ అడగలేదు. నాకు మొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు. ఈ సంగతి అన్ని సెంటర్లకీ తెలియాలి కదా, ఆపరేటరమ్మకి చెబితే లైన్లు కలుపుతుంది అనుకున్నాను.

ముందు మా వ్యవహారం కొంచెం చెప్పాలి. అరకులో మాది చిన్న ట్రస్టు ఆస్పత్రి. దానికి కొండల్లో కొన్ని సెంటర్లున్నాయి. హుకుంపేటలో ఒకటి, మేం ఉత్త మాడుగుల అనేసే జి.మాడుగులలో ఒకటి, బాగా దూరంగా సీతంపేటలో ఒకటి, పేరు చెప్పినా మీకు తెలియని ఊళ్లలో ఇంకొన్ని. సెంటరంటే ఒక సిస్టరు, ఒక మందుల బీరువా, ఒక ఫోను, అంతే. ఆ ఫోను ఇంటర్నెట్ ఫోను. సెల్లు సిగ్నలు వానొస్తే ఉండదు, కరెంటు పోతే ఉండదు. మా ఫోన్లు మాత్రం మా సొంత టవర్ల మీదుగా, టవర్లు అందని చోట అద్దె లైను మీదుగా, ఎలాగో ఒకలా పలికేవి. ఆ టవర్లూ తీగలూ చూసుకోవడం నా ఉద్యోగం. కొండల నుంచి వచ్చిన మాటను అందుకుని ఏ డాక్టరుకి కలపాలో ఆ డాక్టరుకి కలపడం ఆపరేటరమ్మ ఉద్యోగం. ఆమె గదికీ నా గదికీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క. ఆమె దగ్గితే నా బల్ల మీద టీ గ్లాసు కదిలేది.

ఆమె మైదానం మనిషి, బొబ్బిలి ప్రాంతం. చర్చి మనిషి. వయసులో ఉండగా ఆస్పత్రిలో పనికి ఈ కొండెక్కింది, మళ్లీ దిగలేదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే ఆ మాట వినకుండా పక్క లైను కలిపేసి ఉంటుంది. క్వార్టర్సులో చివరి గది ఆమెది. కాఫీ తోటల మధ్య బతుకుతూ కూడా కాఫీ తాగేది కాదు, మిరియాలు దంచి వేసిన వేణ్ణీళ్లు ఫ్లాస్కులో తెచ్చుకునేది. జీడిపిక్కలు నానబెట్టి ఉప్పు జల్లి, అగ్గిపెట్టెలో పోసుకుని వచ్చి, ఒక్కొక్కటీ లెక్కగా నాకు పెట్టేది. నాకు నలభై దాటినా చిన్న కుర్రాణ్ణి పిలిచినట్టు గుంటడా అనే పిలిచేది. పెద్ద డాక్టరుగారి ఎదుట మాత్రం బాబూ అనేది.

ఆమె తల ఎప్పుడూ ఎడమ పక్కకి కొంచెం వంగి ఉండేది. ఏళ్ల తరబడి ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకున్న అలవాటు. చర్చిలో కూర్చున్నా, సంతలో బేరమాడుతున్నా ఆ వంపు పోయేది కాదు. ఎవరు మాట్లాడినా ఆమె దూరం నుంచి వింటున్నట్టుండేది.

ఇప్పుడొక సంగతి చెప్పాలి, తప్పుగా అనుకోకండి. ఆపరేటరమ్మ లైను కలిపి ఊరుకునేది కాదు. వినేది. అందరి మాటలూ వినేది. అది దొంగతనంగా కాదు, అందరికీ తెలిసే. పాత రోజుల్లో వానాకాలం లైను మాటిమాటికీ తెగేది. సిస్టరు చెప్పేది డాక్టరుకి సగమే అందేది. మధ్యలో ఈమె ఉంటే మిగతా సగం అందించేది. అలా మొదలైన అలవాటు, లైన్లు బాగుపడ్డాక కూడా పోలేదు. పైగా సెంటర్లలో సిస్టర్లకి అదే ధైర్యం. బయట వాన దంచి కొడుతుంటే, లోపల బల్లమీద నొప్పులు పడుతున్న మనిషి ఉంటే, డాక్టరు ఆ మందివ్వు ఈ సూదెయ్యి అని చెప్పి పెట్టేశాక కూడా లైన్లో ఒక గొంతు మిగిలి ఉండేది. "నానున్నానమ్మా లైన్లో. నీ పని నువ్వు సూసుకో." అంతకుమించి ఏమీ అనేది కాదు. బిడ్డ ఏడుపు వినపడితే అప్పుడు పెట్టేసేది. ఈ కొండల్లో ఎంతమంది పుట్టుకకి ఆమె చెవి సాక్ష్యమో ఆమెకే తెలియదు.

మా అందరిదీ ఒకటే ధీమా. మన టవరు మనది, మన తీగ మనది, ఈ కొండల్లో ఎవడు వింటాడు అనుకునేవాళ్లం. ఫోన్లకి తాళం వెయ్యాలన్న ఆలోచన పెద్దలకి రాలేదు. ఇంటర్నెట్ ఫోనులో మాట చిన్న చిన్న ముక్కలై వెళుతుంది. తాళం లేకపోతే దారిలో కూర్చున్నవాడు ఎవడైనా ఆ ముక్కలన్నీ ఏరి, వరసగా పేర్చి, మళ్లీ గొంతుగా వినొచ్చు. ఒక సెంటరుకి కంప్యూటరు బాగుచేయడానికి వచ్చిన మనిషి సరిగ్గా అదే చేశాడు. తన లాప్‌టాప్ మా తీగకి తగిలించి, సరదాకి విన్నాడు, సరదాకే రికార్డు చేసి స్నేహితులకి పంపాడు. ఆ రికార్డులో సిస్టరు ఒక పెళ్లికాని పిల్ల పేరూ, ఊరి పేరూ, రక్తపరీక్షలో తేలిన జబ్బు పేరూ డాక్టరుకి చదివి చెబుతోంది. ఎప్పుడూ చదివి చెప్పేట్టే. వారం తిరిగేసరికి అది సంతంతా చేతులు మారింది.

ఆ పిల్ల సెంటరుకి రావడం మానేసింది. మందులు కూడా మానేసింది. వాళ్లమ్మ మాత్రం వచ్చింది, సెంటరుకి కాదు, తిన్నగా అరకు ఆస్పత్రికి. కొండమీద పోడు చేసుకునే మనిషి, ఎవర్ని అడగాలో తెలియక ఫోన్లున్న గది ఏదని అడిగి ఆపరేటరమ్మ ముందుకొచ్చి నిలబడింది. నేను నా గది గుమ్మంలోంచి చూస్తున్నాను. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"మా గుంట జబ్బు మాకన్నా ముందల సంతకి తెలిసిపోనాది" అంది. "మీకాడికి రాకపోతే సచ్చిపోతాది. వొస్తే బతకలేదు. నానేటి సెయ్యాల?"

ఆపరేటరమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ తల్లిని కూర్చోబెట్టి, ఫ్లాస్కులో మిరియాల నీళ్లు పోసిచ్చింది. మందులు ఇంటికే పంపిస్తామని, వచ్చే సిస్టరు సంచీ కూడా ఆస్పత్రిది కాకుండా మామూలు సంతసంచీ పట్టుకొస్తుందని మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టింది కూడా. ఆ పిల్ల ఇప్పుడు బాగుంది, అంతకుమించి ఆమె గురించి నేను రాయను.

తరవాత పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి ఫోన్లకి తాళం వెయ్యమన్నారు. రెండు రకాలుగా వెయ్యొచ్చని చెప్పాను. ఒక రకంలో తాళంచెవి మా ఎక్స్ఛేంజిలో, అంటే ఆపరేటరమ్మ గదిలో లైన్లు కలిపే పెట్టెలో ఉంటుంది. దారిలో ఎవడూ వినలేడు గానీ, ఆపరేటరు కావాలంటే మధ్యలోకి రావచ్చు. పని తేలిక. రెండో రకంలో తాళంచెవి మాట్లాడుకునే రెండు ఫోన్లలోనే తయారవుతుంది, మాట అయిపోగానే మాయమవుతుంది. ఫోను చేసిన ప్రతిసారీ కొత్త తాళమే. ఎక్స్ఛేంజికి కూడా వినపడదు. కొన్ని పాత ఫోన్లు మార్చాలి, చాకిరీ ఎక్కువ. డాక్టరుగారు మొదటిదే చాలన్నారు. లైను తెగితే మధ్యలో మాట అందించడానికి అమ్మ ఉండాలి కదా అన్నారు. న్యాయమే అనిపించింది నాకు.

ఆపరేటరమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "రెండోదే ఎయ్యి బాబూ" అంది. "నా సెవి కూడా తీసెయ్యి."

డాక్టరుగారు నచ్చజెప్పబోయారు. నీ మీద ఎవరికీ అనుమానం లేదమ్మా అన్నారు. ఆమె వినలేదు. లైను తెగితే మళ్లీ కలుపుతానని, వినకుండానే కలుపుతానని చెప్పి తన గదిలోకి వెళ్లిపోయింది. సాయంత్రం నేను ఉండబట్టలేక ఆమె గదిలోకి వెళ్లి, ఎందుకమ్మా ఇంత పంతం అని అడిగాను.

"ఆ తల్లి నాకాసి సూసినాది సూడు" అంది. "ఆ మాట నానూ ఇన్నాను గదరా. ఆడు సెడ్డోడు, నాను మంచిదాన్ని. ఆ తల్లికి ఇద్దరం ఒకటే. ఇనడం కాదు తప్పు. ఇనగలగడమే తప్పు."

ఆ తాళంలో ఒక చిన్న తిరకాసుంది. రెండు ఫోన్లు కలవగానే రెండిటి తెరల మీదా రెండు మాటలు కనపడతాయి. ఇవతలి మనిషి మొదటి మాట చదవాలి, అవతలి మనిషి రెండో మాట చదవాలి. ఎదుటివాళ్లు చదివింది మన తెర మీద కూడా ఉంటే, మధ్యలో ఎవడూ దూరలేదని అర్థం. తేడా వస్తే పెట్టేయాలి. తయారుచేసినవాళ్లు దాంట్లో ఇంగ్లీషు మాటలు పెట్టారు. మా సిస్టర్లు వాటిని చదవలేక కుస్తీ పట్టేవాళ్లు. ఇవి తీసేసి మనవి పెట్టు గుంటడా అంది ఆపరేటరమ్మ. నెలవారీ మీటింగుకి సిస్టర్లు అరకు వచ్చినప్పుడు వాళ్లందర్నీ వరండాలో కూర్చోబెట్టి మాటలు అడిగింది. చోడి, సామ, వలిసె, పిప్పలి, అడ్డాకు, జీలుగు, కొండచీపురు. ఎవరి ఊళ్లో ఏది పండితే వాళ్లది చెప్పారు. ఒకామె పండక్కి వాయించే తుడుము అంది, ఇంకొకామె బుర్రపిట్ట అంది. పులి అని నేనంటే సీతంపేట సిస్టరు ఒప్పుకోలేదు. సెంటరు చుట్టూ అడవి, చీకటి పడ్డాక ఆ పేరు నేను పలకను, రోగం సంగతి అలా ఉంచండి అని మొండికేసింది. పులిని తీసేసి పనస పెట్టాం.

అప్పటినుంచి మా కొండల్లో రోగాల గురించి మాట్లాడే ముందు ఇద్దరు మనుషులు అడ్డాకు, పనస అని ఒకళ్లకొకళ్లు చదువుకోవడం మొదలైంది. తొందరలో ఉన్నవాళ్లు చదవకుండానే సరిపోయింది సరిపోయింది అనేసేవాళ్లు. ఈమెకి అది వినపడదు కదా, అయినా ఎలా పట్టేసేదో, తరవాత ఫోను చేసి నిలదీసేది. "నువ్వు సదివితే నాను నమ్ముతాను. నాను సదివితే నువ్వు నమ్ము. బేగి అయిపోవాలంటే తాళమెందుకు, సంతలోకెళ్లి అరుసుకో" అని తిట్టేది. తిట్టు తిన్న సిస్టర్లు నాకు ఫోను చేసి నవ్వేవాళ్లు.

నవ్వులు వాళ్లవైపే. ఇటువైపు గదిలో ఏం జరిగిందో నేను చూశాను.

తాళం పడిన మొదటి రోజు, ఏ లైన్లో మాట నడుస్తోందో చూపించే ఆమె బోర్డు మీద మాడుగుల దీపమూ డాక్టరుగారి దీపమూ వెలిగాయి. పరీక్షగా వినమని నేనే చెప్పాను. ఆమె ఇయర్‌ఫోను ఎడమ చెవికి పెట్టుకుంది. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు ఒకటే సుయ్యిమనే చప్పుడు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. లోపల ఎక్కడో మాట ఉంటుందని వెతుకుతున్నట్టు. తరవాత తీసి బల్లమీద పెట్టి, "బాగా ఏసినావు" అంది. నేను సంతోషించాను. ఆమె కూడా సంతోషంగానే ఉందనుకుంటాను, ఎందుకంటే ఆమె అడిగిందే జరిగింది. కానీ రోజూ సన్నగా పాడుకునే కీర్తన ఆ సాయంత్రం ఆమె గదిలోంచి వినపడలేదు.

రోజులు గడిచేకొద్దీ సిస్టర్లకి నేరుగా డాక్టరు నంబరు నొక్కడం అలవాటైంది. ఆమెతో పని తగ్గింది. ఏ ఊళ్లో ఎవరికి ఏ బిడ్డ పుట్టిందో గంట తిరక్కుండా తెలిసిన మనిషికి ఇప్పుడు నెల మీటింగులో తెలిసేది. తెలిసినప్పుడు ఓహో అలాగా అనేది, కొత్తగా పరిచయమైనవాళ్లు అన్నట్టు మర్యాదగా. దీపాలు వెలిగేవి, ఆరేవి. ఆమె వాటికేసి చూస్తూ కూర్చునేది. ఒకసారి ఒక సెంటరు దీపం బాగా సేపు వెలిగి ఉంది. ఆమె లేచి నా గదిలోకొచ్చి, కష్టమైన కానుపేమో అంది. ఏమోనమ్మా అన్నాను. నిలబడింది. వానెలా ఉందో చూసొస్తానని బయటికి వెళ్లింది. ఆవేళ వాన లేదు.

నాకు ఆ పని మీద గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది. మా కొండల్లో జబ్బు చేసిన మనిషి భయం లేకుండా పేరు చెప్పుకోగలుగుతున్నాడు. దానికి ఒక మనిషి తన సాయంత్రాలన్నీ ఇచ్చేసింది. ఆ సంగతి ఆస్పత్రిలో ఏ మీటింగులోనూ ఎవరూ అనలేదు. ఆమె అననివ్వలేదు.

కిందటేడు వానలప్పటినుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆస్పత్రి కునుకు తీసే వేళ, ఆమె బల్ల మీది ఫోను దీపమూ మాడుగుల దీపమూ కలిసి వెలగడం గమనించాను. తలుపు వేసుకునేది. చెక్క ఇవతలికి గొంతు తెలిసేది గానీ మాట తెలిసేది కాదు, అంత మెల్లిగా మాట్లాడేది. జీవితమంతా కొండకి వినపడేలా మాట్లాడిన మనిషి. ఏంటమ్మా మాడుగులలో అంత రాచకార్యం అని ఆటపట్టిస్తే, వాన ఎలాగున్నాదని అడుగుతున్నాన్రా అనేది. జాకెట్టు భుజాల మీంచి జారుతోంది. ముసలితనం అనుకున్నాం. అప్పుడప్పుడూ విశాఖపట్నం వెళ్లొచ్చేది, చెల్లెలి మనవరాలికి ఒంట్లో బాగాలేదని చెప్పేది. బాగాలేనిది ఎవరికో ఆమె పోయాక చెల్లెలు చెబితే తెలిసింది. జబ్బు పాతదేనట. డాక్టర్లున్న ఆస్పత్రిలో, డాక్టర్ల గదికి పది అడుగుల దూరంలో కూర్చుని, మాలో ఒక్కరికీ తెలియనివ్వలేదు.

ఆమెను అరకు తీసుకొచ్చారు. కాఫీ తోట వాలులో చర్చివాళ్ల సమాధుల దగ్గర గొయ్యి తీశారు. సెంటర్ల నుంచి సిస్టర్లంతా వచ్చారు. కొత్తగా చేరి ఇంకా మీటింగుకి రాని పిల్లలకి ఆమె గొంతే తెలుసు, మొహం తెలియదు. పెట్టెలో చూసి ఒక పిల్ల, "ఇంత పొట్టి మనిషా?" అని నా పక్కన నిలబడి ఏడ్చింది. అలా ఫోన్లోనే తెలిసి, మీటింగుల్లో ఎదురుపడని ఆడవాళ్లు ఎవరైనా నోరు విప్పగానే తలతిప్పి చూసుకున్నారు. ఓ, నువ్వేనా అనుకున్నారు. గొంతుతో గొంతుకి పరిచయం చేసిన మనిషి మాత్రం పెట్టెలో తల ఎడమకి వంచి పడుకుంది. సరిచేయబోతే చెల్లెలు వద్దంది.

మాడుగుల సిస్టరు చివర్న ఒంటరిగా నిలబడి ఉంది. ఆ పక్క కొండ ఊరి మనిషే, మాటకారి కాదు. అందరూ మట్టివేసి కదిలాక పాడేరు బస్సు కోసం రోడ్డు మీదకి నడుస్తుంటే నేను వెంట నడిచాను. నాకు అడగాలని ఉంది. నిజం చెబుతున్నాను, నాకు ఆమె మీద అసూయగా ఉంది. పక్కగదిలో ఇన్నేళ్లు కూర్చున్నది నేను.

అమ్మ రోజూ నీతో మాట్లాడేది కదా అన్నాను. అవునంది. జబ్బు సంగతి చెప్పిందా అంటే తలూపింది. ఏం చెప్పేది అని అడిగాను. ఆమె బస్సు వస్తోందేమోనని రోడ్డుకేసి చూసింది.

నేను ఊరుకోలేకపోయాను. నొప్పి ఎక్కువగా ఉండేదా, భయపడేదా అని అడిగాను. మేమెవరం పట్టించుకోలేదని బాధపడిందా, అదొక్కటి చెప్పు, మరేం అడగను అన్నాను. గొంతు నాకే వింతగా వినపడింది. బతిమాలుతున్నాను.

"అది ఆవిడికీ నాకూ సార్" అంది సిస్టరు. మెల్లిగానే అంది, కళ్లల్లో నీళ్లున్నాయి. "సెప్పొద్దన్నాది. మీకే సెప్పొద్దన్నాది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"ఒక్కటి సెప్తాను" అంది తరవాత. "నాను రోజూ మొత్తం ఇన్నాను సార్. ఆవిడే పెట్టీమనేదాకా పెట్టలేదు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో సంతసంచీ పెట్టుకుని, దుమ్ము పోకుండా కొంగు నోటికి అడ్డంగా కట్టుకుంది. మా ఆపరేటరమ్మ ఆఖరి నెలలన్నీ ఆ మనిషి లోపల ఉన్నాయి. నేను చెయ్యి ఊపాను. ఆమె కళ్లతోనే వెళ్లొస్తానంది. బస్సు మాడుగుల కొండలకేసి మెల్లిగా ఎక్కుతూ, మలుపు దగ్గర ఒకసారి హారను కొట్టి, మంచులోకి వెళ్లిపోయింది.